జబ్బు ఒక్కటే... కార్డులే వేరు

"వీన్ని ఎర్రగడ్డకు పంపాలె" అనే మాట మన దగ్గర నవ్వులాట. కాలేజీ క్యాంటీన్లో, యూనియన్ ఆఫీసులో, చాయ్ హోటల్లో రోజుకు ఒక్కసారన్నా వినపడుతది. మేం కూడా ఎన్నోసార్లు అన్నం. జ్యోతినగర్‌లో ఒక అవ్వ తన కొడుకును వెంటబెట్టుకొని నిజంగానే ఎర్రగడ్డకు పోయి వచ్చినంక ఆ మాట మా నోటికి రావడం లేదు.

నీళ్లు, నిధులు, నియామకాలు అని నినదించినోళ్లం మనం. నిధులంటే ప్రాజెక్టుల పద్దు, రోడ్ల పద్దు అనే అనుకున్నం. దవాఖానకు పైసలు ఏ తొవ్వల పోతయో, ఆ తొవ్వను బట్టి రోగి బతుకు ఎట్ల మారుతదో మనం పెద్దగా మాట్లాడలేదు. ముఖ్యంగా ఎవరూ పేరెత్తని జబ్బుల సంగతి అసలే మాట్లాడలేదు. స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి తీవ్రమైన మానసిక జబ్బుల సంగతి ఇది.

మూడు ఇండ్లు

రాజీవ్ రహదారి మీద, చిమ్నీల నీడలో ఉన్న ఊరు జ్యోతినగర్. 1978లో ఎన్టీపీసీకి పునాదిరాయి పడ్డది. దేశానికి కరెంటు ఇచ్చే 2,600 మెగావాట్ల ప్లాంటు ఇక్కడ నిలబడ్డది. టౌన్‌షిప్ గోడ లోపల చెట్లు, బడి, దవాఖాన. గోడ బయట కాంట్రాక్టు కూలీల కిరాయి గదులు. ఇంకొంచెం దూరం పోతే గోదావరిఖని, బొగ్గు బాయిలు. ఈ మూడు తావుల్లో మూడు ఇండ్లు మాకు తెలుసు. పేర్లు రాయం. రాయాల్సిన అవసరం కూడా లేదు, ఇట్లాంటి ఇల్లు మీ వాడలో కూడా ఉంటది.

మొదటి ఇల్లు గోడ లోపలిది. తండ్రి పర్మినెంటు ఉద్యోగి. ఇంటర్ అయిపోయినంక బిడ్డకు జబ్బు మొదలైంది. తనలో తాను మాట్లాడుకునేది, అన్నంలో విషం కలిపిండ్రని పళ్లెం నూకేసేది. కంపెనీ వైద్య సదుపాయం ఉన్నది, హైదరాబాదుకు రెఫర్ చేయించుకోవచ్చు, బిల్లు కంపెనీదే. అయినా మొదటి ఏడాది ఆ తండ్రి సొంత పైసలతోనే దొంగతనంగా చూపించిండు. ఎందుకంటే మెడికల్ బుక్కు మీద జబ్బు పేరు పడుతది, పేరు పడితే పెండ్లి సంబంధం చెడుతదని భయం. ఆఖరికి ఒక తోటి ఉద్యోగి ధైర్యం చెప్పినంక బుక్కు తీసిండు. అయిదు వారాలు దవాఖానలో ఉన్నది. ఇప్పుడు మందులు వాడుకుంట దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నది.

రెండో ఇల్లు ఒక బాయి కార్మికునిది. జబ్బు ఆయనకే. నెలంతా నిద్రపోకుండా తిరుగుడు, అప్పులు చేసి అందరికీ పంచుడు, తర్వాత మూడు నెలలు మంచం దిగకపోవుడు. డ్యూటీకి పోడు. నాగాలు పెరిగినయి, ఛార్జిషీటు వచ్చింది. "తాగుబోతు, పని దొంగ" అన్నరు. దవాఖాన పక్కనే ఉన్నది, మందులు ఉచితం. కానీ కాలు విరిగితే సిక్కు పెట్టినంత సులువుగా మనసు విరిగితే పెట్టలేడు గదా! తోటి కార్మికులు డాక్టరు దగ్గరికి తీసుకపోయి కాగితం రాయించి నౌకరీ నిలబెట్టిండ్రు. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టయింది.

మూడో ఇల్లు ఆ అవ్వది. పెనిమిటి ప్లాంటులో కాంట్రాక్టు కూలి. కొడుకు డిగ్రీ రెండో ఏడాది. చిమ్నీ మీద ఎర్రలైట్లు తనకోసమే వెలిగి ఆరుతున్నయని, ఎవరో వెంబడిస్తున్నరని చెప్పేటోడు. గాలి సోకిందన్నరు, బాణామతి అన్నరు. మొదటి అప్పు తాయెత్తులకే పోయింది. తర్వాత ఒక పట్టణంలో ప్రైవేటు దవాఖాన. అడ్వాన్సు కట్టమన్నరు, పుస్తె కుదువపెట్టి కట్టిండ్రు. పదకొండో రోజు పైసలు అయిపోయినయి. అదే రోజు "నయమైంది, ఇంటికి తీసుకపోండి" అని కాగితం రాసిచ్చిండ్రు. "పైసలైపోయిన్నాడే నా కొడుకు మంచిగైండా సారూ?" అని ఆమె మమ్మల్ని అడిగింది. జవాబు చెప్పలేకపోయినం. ఆ తర్వాతనే ఎర్రగడ్డ. పోను రాను ఇద్దరికి కిరాయి, రెండు రోజుల కూలి. నెలకొకసారి రమ్మన్నరు. మూడు నెలలు పోయిండ్రు. నాలుగో నెల పోలేదు. మందు ఆగింది, జబ్బు తిరగబడ్డది.

జబ్బులు దగ్గరి దగ్గరివే. మందులూ దాదాపు అవే, అందులో చాలా వరకు చవక మందులే. మరి మూడు ఇండ్ల బతుకు మూడు తీర్లు ఎందుకైంది? డాక్టరు మంచోడా చెడ్డోడా అన్నది కాదు ప్రశ్న. పైసలు ఎవరిస్తున్నరు, ఏ లెక్కన ఇస్తున్నరు అన్నదే ప్రశ్న.

టబ్బు లెక్క, మస్టరు లెక్క

బొగ్గు గనుల ప్రాంతమోళ్లకు ఇది సులువుగా అర్థమైతది. వెనుకట బాయిలో ఫిల్లర్‌కు టబ్బుల లెక్కన కూలి ఉండేది. ఎన్ని టబ్బులు నింపితే అన్ని పైసలు. కానీ కప్పుకు సపోర్టు పెట్టే టింబర్‌మన్‌కు టబ్బుల లెక్క పెట్టలేదు, మస్టరు లెక్కనే. ఎందుకు? కప్పు కూలకుండా చూసుడే ఆయన పని. ఆయన పని మంచిగ చేస్తే బయటికి కనిపించేది ఏమీ ఉండదు. ఆయనకూ టబ్బుల లెక్క పెడితే దిమ్మెలు గబగబ పెట్టి ఫిల్లింగుకు ఉరుకుతడు. కప్పు మీద పడుతది.

దవాఖానలోనూ రెండు రకాల పని ఉంటది. అపెండిక్స్ ఆపరేషన్, గుండెకు స్టెంటు, కంటి శుక్లం టబ్బు లెక్కకు వస్తయి. ఎన్ని రోజులు పడుతది, ఎంత ఖర్చు అన్నది ముందే అంచనా కట్టొచ్చు. స్కిజోఫ్రీనియా అట్ల కాదు. ఒకే జబ్బు పేరున్న ఇద్దరిలో ఒకరు పది రోజుల్లో తేరుకుంటరు, ఇంకొకరికి మూడు నెలలు పడుతది. అందులో ఆపరేషన్ లేదు, స్టెంటు లేదు. ఉన్నదల్లా మనిషి. ఓపికతో వినే డాక్టరు, రాత్రి మేలుకునే నర్సు, ఇంటికి పోయి మందు వేసుకుంటున్నడా అని చూసే సోషల్ వర్కరు. ఇది సపోర్టు పని. దీనికి టబ్బు లెక్క పెడితే ఏమైతదో ఆ అవ్వ ఇంట్లో చూసినం.

చేసిన ప్రతి పనికీ బిల్లు వేసే పద్ధతిలో రోగి దగ్గర పైసలున్నన్ని రోజులే వైద్యం. కేసుకు ఇంత ప్యాకేజీ అంటే, ఎంత తొందరగా పంపితే అంత మిగులు, కష్టమైన రోగిని గేటు దగ్గరే మర్లేసే ఆశ. రోజుకు ఇంత అంటే, అవసరం తీరినా ఉంచుకునే ఆశ. ఏటా గంపగుత్త బడ్జెటు అంటే, రోగి వచ్చినా రాకున్నా జీతం ఆగదు, గోడ లోపలికి వచ్చినోనికే ఖర్చు, బయట పడిపోయినోన్ని వెతికే పద్దు ఉండదు. ఏ లెక్కా పవిత్రమైంది కాదు. ప్రతి లెక్కా ఒక దిక్కుకు గుంజుతది. ఆ గుంజుడులో నలిగేది తన గోస తాను చెప్పుకోలేని రోగి.

జాల్నా నుంచి ఎర్రగడ్డ దాకా

మన ప్రభుత్వ మానసిక వైద్యం కథ కూడా ఈ గంపగుత్త కథనే. నిజాం కాలంలో పిచ్చాసుపత్రి జాల్నాలో ఉండేది. 1953లో దాన్ని ఎర్రగడ్డకు తెచ్చిండ్రు. ఉమ్మడి రాష్ట్రం మొత్తానికి పెద్ద మానసిక ఆసుపత్రులు రెండే, ఎర్రగడ్డ, విశాఖపట్నం. 2014లో రాష్ట్రం వచ్చినంక మనకు మిగిలింది 600 పడకల ఎర్రగడ్డ. ఆదిలాబాద్ గూడెం నుంచి అయినా, పాలమూరు తండా నుంచి అయినా ఆఖరి దిక్కు అదే. అక్కడి డాక్టర్లు, నర్సులు మోసే బరువు మామూలుది కాదు. 2025 జూన్‌లో అక్కడ ఆహారం కలుషితమైందన్న అనుమానం మధ్య ఒక రోగి చనిపోయి, పదుల మంది జబ్బుపడితే నాలుగు రోజులు వార్తలొచ్చినయి. అయిదో రోజు మర్చిపోయినం. అక్కడున్నోళ్లకు ఓటు బలం లేదు, అడిగే చుట్టం లేడు. బడ్జెట్ల వాటా అడిగేటోడు లేకుంటే అన్నం గిన్నె దగ్గర కూడా వాటా తగ్గుతది.

ఢిల్లీ పద్దు కూడా చూద్దాం. 2023-24 కేంద్ర బడ్జెటులో మానసిక ఆరోగ్యానికి నేరుగా పెట్టింది సుమారు 919 కోట్లు. ఆరోగ్యశాఖ మొత్తం 89 వేల కోట్లలో అది ఒక్క శాతం. ఆ ఒక్క శాతంలో 721 కోట్లు బెంగళూరు నిమ్హాన్స్‌కే. నిమ్హాన్స్ గొప్ప సంస్థ, దాని మీద మాకు కోపం లేదు. కానీ జ్యోతినగర్ అవ్వకు బెంగళూరు ఎంత దూరం?

జిల్లాలకు వైద్యం తేవాలనే ఆలోచన లేక కాదు. బళ్లారిలో చేసి చూసిన నమూనాతో 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టిండ్రు. దేశంలో ముందుగా ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు? కేంద్రం అయిదేండ్లు గ్రాంటు ఇస్తది, తర్వాత రాష్ట్రం ఎత్తుకోవాలె అన్నది లెక్క. గ్రాంటు అయిపోయినంక ఎత్తుకునేటోడు లేక దేశంలో ఎన్నో చోట్ల ఆ కార్యక్రమం కుంటుపడ్డది. ఇరవై ఏండ్ల జబ్బుకు అయిదేండ్ల గ్రాంటు! ప్రాజెక్టు ముగుస్తది, జబ్బు ముగియదు.

ఆరోగ్యశ్రీ చెయ్యలేని పని

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. గుండె ఆపరేషన్లు చేయించుకొని బతికిన పిల్లలు మన వాడల్లో ఉన్నరు, కాదనం. 2023 డిసెంబరులో దాని పరిమితిని పది లక్షలకు పెంచిండ్రు. కానీ పరిమితి పెంచితే తీరే సమస్య కాదు మనం మాట్లాడుతున్నది. ప్యాకేజీ అంటేనే మొదలు, చివర ఉన్న చికిత్స. తీవ్ర మానసిక జబ్బుకు మొదలు ఉంటది, చివర ఉండదు. నెలనెలా మందు, కొన్ని మందులకు క్రమం తప్పని రక్తపరీక్ష, పదిహేను రోజులకో నెలకో ఒక సూది, ఇంటోళ్లకు ధైర్యం. వీటికి ఖర్చు తక్కువే గాని ఎప్పటికీ ఆగొద్దు. పది లక్షల కార్డు జేబులో పెట్టుకొని, నెల మందుల కోసం రెండు వందల కిలోమీటర్లు పొయ్యేటోని కోసం ఏ ప్యాకేజీ ఉన్నది?

తప్పుడు లెక్క ఎక్కడికి తీసుకపోతదో అమెరికాను చూస్తే తెలుస్తది. 1963లో కెనడీ ప్రభుత్వం పెద్ద పిచ్చాసుపత్రుల బదులు ఊరూరా కేంద్రాలు పెడతమన్నది. 1965లో వచ్చిన మెడికెయిడ్ పథకం, 65 ఏండ్ల లోపు వాళ్లు మానసిక ఆసుపత్రిలో ఉంటే ఫెడరల్ పైసలు ఇయ్యమన్నది. రాష్ట్రాలు పడకలు ఖాళీ చేసుకున్నయి. చెప్పినన్ని కేంద్రాలు మాత్రం రాలేదు. చాలా మంది రోడ్డు మీద, జైలులో తేలిండ్రు. అటు జర్మనీలో ఇట్సెహో అనే చిన్న పట్నంలో 2003 నుంచి వేరే లెక్క పెట్టిండ్రు. పడకకు ఇంత, రోజుకు ఇంత అని కాదు, ఆ జిల్లా రోగులందరికీ కలిపి ఏటా ఇంత నిధి. పడకల్లో చూస్తరో, పగటి కేంద్రంలో చూస్తరో, ఇంటికే పోయి చూస్తరో దవాఖాన ఇష్టం. రోగి మంచిగ ఉంటేనే దవాఖానకు లాభం. దాంతో పడక రోజులు తగ్గినయి, ఇంటి దగ్గరి వైద్యం పెరిగింది. టింబర్‌మన్‌కు మస్టరు ఇచ్చే తెలివి ఇదే.

"లెక్క లేకుండా నిధి ఇస్తే ఎవడు పని చేస్తడు?" అని కొందరు అడుగుతరు. న్యాయమైన ప్రశ్ననే. బాయిలో టింబర్‌మన్‌ను వదిలేస్తరా? షిఫ్టు షిఫ్టుకు సర్దార్ కట్టెతో కప్పును కొట్టి సప్పుడు వింటడు. ఇక్కడా వినాలె. ఎంతమంది మందులకు రావడం మానిండ్రు, మానినోళ్లను ఎవరు వెతికిండ్రు, ఎంతమంది తిరిగి దవాఖాన పాలైండ్రు, ఎంతమంది పనిలోకి పోయిండ్రు. ఇవి కొలవాలె, పడకల బిల్లులు కాదు.

చట్టం ఉన్నది, చదివేటోడు లేడు

2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు 28 మంది మంటల్లో కాలిపోయిండ్రు. దేశం ఉలిక్కిపడ్డది. 2017లో కొత్త మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, 2018 మే 29 నుంచి అమలులో ఉన్నది. గొలుసు వేయడాన్ని అది నిషేధించింది. అందులో 18వ సెక్షన్ ప్రతి ఉద్యోగ సంఘం, విద్యార్థి సంఘం చదవాలె. ప్రతి జిల్లాలో కనీస మానసిక వైద్య సేవలు సర్కారు ఖర్చుతో ఉండాలె. లేకుంటే ఆ జిల్లాలోనే వేరే చోట చూపించుకోవచ్చు, ఖర్చు సర్కారే పెట్టుకోవాలె. దారిద్ర్యరేఖ కిందున్నోళ్లకు, కార్డు ఉన్నా లేకున్నా, సర్కారు దవాఖానలో ఉచితం. అత్యవసర మందుల జాబితాలోని మందులు ఉచితం. 21వ సెక్షన్ ప్రకారం శరీరం జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా కంపెనీలు బీమా ఇయ్యాలె.

2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ఏమంటదంటే, సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే సర్కారు సంస్థ ఆ ఉద్యోగిని తీసెయ్యొద్దు, హోదా తగ్గించొద్దు. మానసిక అనారోగ్యం ఆ చట్టంలో వైకల్యమే. ఆ బాయి కార్మికుడు ఛార్జిషీటు పట్టుకొని తిరిగినప్పుడు మాలో ఒక్కనికి కూడా ఈ సెక్షన్ యాదికి రాలేదు. ఆ సిగ్గు మాది.

పైసలు ఇక్కడనే ఉన్నయి

నిమ్హాన్స్ చేసిన 2015-16 జాతీయ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, వాటిలో తెలంగాణ లేదు. ఆ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో తీవ్ర మానసిక జబ్బుతో ఉన్నోళ్లు నూటికి 0.8 మంది. పెద్దపల్లి జిల్లా జనాభా దాదాపు ఎనిమిది లక్షలు. పెద్దవాళ్లు అయిదారు లక్షలనుకుంటే నాలుగు వేలకు పైగా ఇండ్లు ఈ గోసలో ఉన్నయని మా అంచనా. పెద్ద సంఖ్యనే, కానీ ఒక జిల్లా మోయలేని సంఖ్య కాదు.

పైసలు ఎక్కడివి? మన కాళ్ల కిందనే ఉన్నయి. 2015లో ఖనిజ చట్టం మారింది. పాత లీజుల మీద వంద రూపాయల రాయల్టీ కడితే ఇంకో ముప్పై రూపాయలు జిల్లా ఖనిజ నిధికి జమ కావాలె. 2024లో మారిన మార్గదర్శకాల ప్రకారం అందులో కనీసం 70 శాతం తాగునీరు, వైద్యం, విద్య వంటి ముఖ్యమైన వాటికే పెట్టాలె. కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెప్పింది. ఆ పైసలు ఇప్పటిదాకా ఎక్కువగ గోడలకు, గేట్లకు, ఒక్కరోజు శిబిరాలకు పోతున్నయి. గోడకు శిలాఫలకం ఉంటది, నర్సు జీతానికి ఉండదు గదా! కానీ ఈ జబ్బుకు కావాల్సింది గోడ కాదు, పదేండ్లు అదే వాడకు వచ్చే అదే నర్సు.

2022లో రామగుండానికి మెడికల్ కాలేజీ వచ్చింది. సింగరేణి నిధులు తోడైనయి. మెడికల్ కాలేజీ అంటే సైకియాట్రీ విభాగం ఉండి తీరాలె. అంటే మొదటి ఇటుక పడ్డది. దాని మీద కట్టుడు మన కొట్లాట.

ఏం అడగాలె

ఒకటి, తీవ్ర మానసిక జబ్బులకు జిల్లాకు ఏటా విడదీయరాని ప్రత్యేక నిధి ఉండాలె. ఖనిజ నిధి, కంపెనీల నిధి, రాష్ట్ర బడ్జెటు కలిపి ఒకే కుండలో పడాలె. అది జీతాలకు, మందులకు, ఇంటి సందర్శనకు పోవాలె. రెండు, ఈ జబ్బు దగ్గర పర్మినెంటు, కాంట్రాక్టు అనే గీత ఉండొద్దు. ఒకే ప్లాంటు బూడిద పీల్చినోళ్లకు రెండు రకాల వైద్యం ఏంది? మూడు, నెల మందులు మండల దవాఖానలోనే దొరకాలె. ఎన్ని పడకలు, ఎంతమంది డాక్టర్లు, ఏ మందు ఎన్ని రోజులకు ఉన్నదో బోర్డు మీద రాయాలె. నాలుగు, నాగాల పేరుతో ఎవరినైనా తీసేసే ముందు మానసిక వైద్య పరీక్ష తప్పనిసరి చెయ్యాలె. దీన్ని సంఘాలు తమ డిమాండ్ల పత్రంలో ఎక్కించాలె. అయిదు, మెడికల్ బుక్కులోని జబ్బు పేరు డాక్టరు, రోగి మధ్యనే ఉండాలె. సదుపాయం ఉండి కూడా భయంతో వాడుకోని ఆ మొదటి ఇంటి తండ్రి కోసం అడుగుతున్నం.

ఇంట్లో ఎవరికైనా కష్టం ఉంటే 14416కు ఫోను చెయ్యండి. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న టెలీ మానస్ అది, ఉచితం. ఫోను మాట ఊరట ఇస్తది, తొవ్వ చూపిస్తది. కానీ ఫోను సూది వెయ్యదు, దానికి జిల్లాలో మనిషి ఉండాలె.

మొన్న ఆ అవ్వ కనిపించింది. కొడుకు మళ్లా మందులు వేసుకుంటున్నడట. వాడలోని నలుగురు కాంట్రాక్టు కూలీలు నెలకు తలాకొంత వేసుకొని కిరాయి పైసలు ఇస్తున్నరట. "ఇయ్యాల వీళ్లున్నరు బిడ్డా, రేపు నేను పోయినంక ఎవరు తోల్కపోతరు?" అన్నది. వందల కోట్ల కరెంటు, లక్షల టన్నుల బొగ్గు పంపే నేల మీద ఒక రోగి మందులు నలుగురు కూలోళ్ల జేబు మీద నడుస్తున్నయి. ఇది వాళ్ల గొప్పతనం, మన పద్ధతి దివాళాతనం. నలుగురు కూలోళ్లు చేసిన పనిని ఒక జిల్లా చెయ్యలేదా? మన సంఘాల ముందు, మన ఎమ్మెల్యేల ముందు, మన కంపెనీల ముందు ఈ ప్రశ్నను పెడుదాం. జవాబు వచ్చేదాకా "ఎర్రగడ్డకు పంపాలె" అనే నవ్వులాటనన్నా బంద్ చేద్దాం.